పెరటి తోటకి డ్రిప్ కిట్టు: రోహిణి కార్తె దాకా నిలుస్తుందా?

కొనొచ్చా అంటే కొనొచ్చు. కానీ పెట్టెలో వచ్చినదాన్ని వచ్చినట్టే కుళాయికి తగిలించి వదిలేస్తే భరణి కార్తె దాటకుండానే సగం మొక్కలకి నీరు అందదు. ఒక ఫిల్టరు, ఒక బాల్ వాల్వు, పైపు చివర తెరిచి కడుక్కునే ఏర్పాటు, ఈ మూడూ విడిగా కొని చేర్చండి. అప్పుడు మే నెలాఖరు ఎండల్లో కూడా వంగ, మిరప, ఆనప, మల్లె తలవాల్చకుండా ఉంటాయి. వేసవి తోటపనిలో అసలు ఆనందం సాయంత్రం పూట పాదుల మధ్య తిరగడంలో ఉంది. ఆ గంట కాస్తా బిందెలు మొయ్యడానికే సరిపోతే మొక్కని చూసే తీరికెక్కడిది? ఆ తీరికని ఇంటికి తెచ్చిపెడుతుంది కాబట్టే ఈ కిట్టు గురించి ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ఇక్కడ మాట్లాడుతున్నది 'ఇరవై మొక్కల డ్రిప్ కిట్టు' అని ఆన్‌లైన్‌లోనూ పైపుల దుకాణాల్లోనూ దొరికే సరుకు గురించి. అట్టపెట్టె మీద బొమ్మ మారుతుంది గానీ లోపలివి దాదాపు అవే. పది నుంచి ఇరవై మీటర్ల 16 ఎం.ఎం. నల్ల గొట్టం, దాన్నుంచి మొక్క మొదటికి వెళ్ళే 4 ఎం.ఎం. సన్న గొట్టం, నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్లు ఇరవై, గుచ్చే కనెక్టర్లు, కుళాయి అడాప్టరు, గొట్టాన్ని చీల్చే టీలు, మలుపు తిప్పే ఎల్బోలు రెండు మూడు, చివర మూత, బెజ్జం పెట్టే పంచి, తప్పు బెజ్జాలు మూయడానికి నాలుగైదు డమ్మీలు, సన్న గొట్టాన్ని పట్టి నిలబెట్టే పుల్లలు. కొన్నిట్లో 16 ఎం.ఎం. గొట్టం అసలు ఉండదు, కుళాయి దగ్గర్నుంచే సన్న గొట్టం బయల్దేరుతుంది. చవగ్గా ఉంటుంది గానీ అది తీసుకోకండి. ఇరవై డ్రిప్పర్ల నీరు ఆ సన్న దారిలో దూరాలంటే రెండు మూడు మీటర్లకే ఉన్న ప్రెషరంతా రాపిడికి ఖర్చయిపోతుంది. మొదటి అయిదారు మొక్కలు తాగుతాయి, మిగతావి ఎండుతాయి.

ప్రెషరు దగ్గరే ఈ కిట్టు మంచీ చెడ్డా తేలిపోతాయి కనుక అక్కడ కాసేపు ఆగాలి. డ్రిప్పర్ మీద 'గంటకి 4 లీటర్లు' అని ఉంటుంది. ఆ లెక్క పైపులో ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకి) ప్రెషరు ఉన్నప్పటిది. ఒక కేజీ రావాలంటే ట్యాంకులో నీటిమట్టం డ్రిప్పర్ కంటే పది మీటర్ల ఎత్తున ఉండాలి. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ మామూలు ఇల్లంటే ఒక్క అంతస్తు శ్లాబు, దాని మీద ట్యాంకు. పెరటి నేల నుంచి నీటిమట్టానికి మూడున్నర, మహా అయితే నాలుగు మీటర్లు. అంటే 0.35 నుంచి 0.4 కేజీ. మామూలు డ్రిప్పర్లో నీరు ప్రెషరు వర్గమూలం లెక్కన తగ్గుతుంది. అందుకని ప్రెషరు మూడో వంతుకి పడినా నీరు అరవై శాతం దగ్గర ఆగుతుంది. 4 లీటర్ల డ్రిప్పర్ గంటకి 2.4 లీటర్లు ఇస్తుందన్నమాట. పెంకుటింటి పెరట్లో మీటరు ఎత్తు దిమ్మె మీద 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకుంటే అదే డ్రిప్పర్ 1.3 లీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

దీనికి మీటర్లూ గేజీలూ అక్కర్లేదు. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటి డ్రిప్పర్ కింద పెట్టి గడియారం చూడండి. మూడు నిమిషాలకి నిండితే గంటకి 4 లీటర్లు. అయిదు నిమిషాలు పడితే 2.4. తొమ్మిది నిమిషాలు దాటితే 1.3. కుళాయికి దగ్గరున్న మొక్క దగ్గర ఒకసారి, చివరి మొక్క దగ్గర ఒకసారి కొలవాలి. రెంటికీ మధ్య పదో వంతు తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. సగానికి సగం తేడా కనబడితే ఎక్కడో అడ్డు ఉంది, లేదా ఎక్కడో కారుతోంది.

ఇప్పుడు పెట్టెలో వచ్చే డ్రిప్పర్ల మాట. ఎక్కువ కిట్లలో తల తిప్పి ధార పెంచుకునే రకం పెడుతున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఎంత కావాలంటే అంత అనిపిస్తుంది. ట్యాంకు నీటితో నడిపేవాళ్ళకి అవి తలనొప్పి. పూర్తిగా తిప్పితే ఒక్కోటి గంటకి పదుల లీటర్లు వదిలేస్తుంది. నాలుగు తెరుచుకుంటే మిగతా పదహారూ చుక్క చుక్కకి దిగిపోతాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి మారుతుంది. ఒక సాయంత్రమంతా కూర్చుని గ్లాసుతో కొలిచి సమానం చేసినా, ట్యాంకు సగానికి దిగాక లెక్క మళ్ళీ తప్పుతుంది. వీటిలో ఒక్క సుగుణం ఉంది: తల ఊడదీసి వేలితో తుడిచి పెట్టేయొచ్చు. బోరు నీళ్ళ వాళ్ళకి అది చిన్న మేలేమీ కాదు.

మా సలహా: విప్పి కడగడానికి వీలున్న గుండీ డ్రిప్పర్లు, గంటకి 8 లీటర్ల రకం, పాతిక విడిగా కొనండి. పొలాలకి డ్రిప్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. 8 లీటర్లది మన ట్యాంకు ఎత్తుకి గంటకి 4.8 లీటర్లు ఇస్తుంది. దాని లోపలి దారి 4 లీటర్లదాని కంటే వెడల్పు కాబట్టి తొందరగా పూడదు. 'ప్రెషర్ కాంపెన్సేటింగ్' అని రాసి ఉన్నవి మాత్రం ఖరీదు ఎక్కువ కదా మంచివేమో అనుకుని తేవద్దు. వాటి లోపలి రబ్బరు పొర సక్రమంగా పనిచెయ్యాలంటే సాధారణంగా అర కేజీ పైన ప్రెషరు కావాలి, మన ట్యాంకు అంత ఇవ్వదు. గొట్టం విడిగా కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 12786 అన్న అంకె ఉందేమో చూడండి, అది డ్రిప్ పాలిథిలిన్ గొట్టాలకి పెట్టిన ప్రమాణం. డ్రిప్పర్లకైతే ఐఎస్ 13487. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య ప్రాజెక్టు 2003లో మొదలైన దగ్గర్నుంచి డ్రిప్ సామాను పల్లెల దాకా వచ్చింది. ఆ ప్రాజెక్టు ఇచ్చే సబ్సిడీ పొలాలకే గానీ పెరటికి రాదు, అయినా సామాను మాత్రం అదే దుకాణంలో చిల్లరగా దొరుకుతుంది.

ఏ మొక్కకి ఎంత నీరు అన్నది తేల్చుకోకుండా కిట్టు బిగించకూడదు. లెక్క కష్టమేమీ కాదు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మే ఎండలో రోజుకి 6 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకోండి. రెండడుగుల గుబురు పరుచుకున్న వంగ మొక్క కప్పే చోటు 0.36 చదరపు మీటరు. అంటే రెండు లీటర్లకి కాస్త ఎక్కువ. కాపు మీదున్న మిరపకి లీటరున్నర నుంచి రెండు. పందిరంతా అల్లుకున్న ఆనపపాదుకి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు, బీరకి అయిదారు. ఎదిగిన మల్లె పొదకి నాలుగు.

ఒకే వాల్వుతో అన్నిటికీ నీరు వదులుతాం కాబట్టి టైము అన్నిటికీ ఒకటే. తేడా చూపించాల్సింది డ్రిప్పర్ల సంఖ్యలో. గంటకి 4.8 లీటర్లిచ్చే డ్రిప్పర్ పాతిక నిమిషాల్లో రెండు లీటర్లిస్తుంది. వంగకి ఒకటి, మిరపకి ఒకటి, ఆనపపాదు చుట్టూ నాలుగు, బీరకి మూడు, మల్లెకి రెండు. ఆరు వంగ, నాలుగు మిరప, ఒక ఆనప, ఒక బీర, ఒక మల్లె పెడితే డ్రిప్పర్లు పందొమ్మిది అయిపోయాయి, మొక్కలు పదమూడే. 'ఇరవై మొక్కల కిట్టు' అన్న మాటకి అసలు అర్థం ఇది, పెట్టె మీద ఎవరూ రాయరు. రోజుకి మొత్తం నీరు నలభై లీటర్లు, మూడు బిందెలకి మించదు. చేత్తో పోస్తే దీనికి రెట్టింపు ఖర్చవుతుంది, ఎందుకంటే బిందె ఒంపగానే సగం పాదు దాటి పారిపోతుంది.

తోటకూర, పాలకూర, మెంతి మడులకి ఈ గుండీ డ్రిప్పర్లు పనికిరావు. విత్తనం మడంతా చల్లి ఉంటుంది, డ్రిప్పర్ చుట్టూ మాత్రమే తడుస్తుంది. వాటికి రోజా మూతి ఉన్న డబ్బాతో చేత్తో పొయ్యడమే మేలు. బెండ వరసకైతే 30 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున లోపలే డ్రిప్పర్లు అమర్చి వచ్చే ఇన్‌లైన్ గొట్టం వెయ్యండి. కిట్టులో అది ఉండదు, మీటర్ల లెక్కన విడిగా అమ్ముతారు.

నేలని బట్టి కూడా కొంచెం మార్చుకోవాలి. విజయనగరం చుట్టుపక్కల ఎర్ర గరప నేలల్లో డ్రిప్పర్ కింద తడి అడుగు, అడుగున్నర వెడల్పుకి పరుచుకుంటుంది. సముద్రం వైపు ఇసుక నేలల్లో అంత పరుచుకోదు, నీరు గీత గీసినట్టు నేరుగా కిందికి దిగిపోతుంది. వేళ్ళు పక్కలకి ఉంటే తడి లోతున ఉంటుంది. అలాంటి చోట ఒక మొక్కకి రెండు డ్రిప్పర్లు మొదలుకి చెరో వైపు జానెడు దూరంలో పెట్టి, పాతిక నిమిషాలని రెండు ముక్కలు చేసి పొద్దున్న పన్నెండు, సాయంత్రం పన్నెండు నిమిషాలు వదలాలి. పాదులో బుట్టెడు గత్తం (పశువుల ఎరువు) కలిపితే ఇసుకైనా నీరు పట్టి ఉంచుతుంది. పచ్చి గత్తం వద్దు, అది వేడి చేస్తుంది, చెదలు పట్టిస్తుంది. ఏడాది మాగినది వెయ్యండి.

బిగించడం రెండు గంటల పని. వరస ఇది: ముందు కుళాయి, దాని తర్వాత బాల్ వాల్వు, తర్వాత ముప్పావు అంగుళం ఫిల్టరు, ఆ తర్వాత 16 ఎం.ఎం. గొట్టం. ఫిల్టరు లోపలి జల్లెడ 120 మెష్ ఉండాలి. అంతకంటే పెద్ద కన్నాలుంటే బోరులోంచి వచ్చే సన్న ఇసుక దాటేస్తుంది. కొత్త గొట్టం చుట్టలాగే ఉండి నేల మీద పడుకోదు, అరగంట ఎండలో పరిచి ఉంచితే మెత్తబడి చెప్పిన మాట వింటుంది. టీలూ ఎల్బోలూ ఎక్కకపోతే కొసని వేడినీళ్ళలో అర నిమిషం ముంచి తొయ్యండి. కొవ్వొత్తి మంట చూపించొద్దు, ఒక పక్క పల్చబడి తర్వాత అక్కడే చీలుతుంది. పంచితో బెజ్జం గొట్టం పై భాగాన పెట్టాలి. అడుగున పెడితే గొట్టంలో చేరిన మడ్డంతా ముందు డ్రిప్పర్లోకే వెళ్తుంది. పంచిని నిలువుగా పట్టి ఒక్కసారే నొక్కాలి, అటూ ఇటూ తిప్పితే బెజ్జం కోలగా అయ్యి కనెక్టరు కారుతుంది.

గొట్టాన్ని తాడు లాగినట్టు బిగించి పరవడం చాలామంది చేసే తప్పు. పాలిథిలిన్ ఎండకి బాగా సాగుతుంది. ఇరవై మీటర్ల గొట్టం తెల్లవారుజాము చల్లదనం నుంచి మధ్యాహ్నపు వేడికి ముప్పై డిగ్రీలు ఎక్కితే పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రాత్రికి మళ్ళీ అంతా ముడుచుకుంటుంది. బిగించి కట్టినదైతే ముడుచుకునేటప్పుడు ఎల్బోలోంచి ఊడిపోతుంది, పొద్దున్న లేచేసరికి ట్యాంకు ఖాళీ. పాము పాకినట్టు వంకరలతో వదులుగా వేసి, మీటరున్నరకి ఒక వంచిన ఇనప తీగ గుచ్చి నేలకి ఆనించండి. వీలైతే గొట్టం రెండో కొసని కూడా టీ వేసి మొదటికి కలిపి చుట్టులా చెయ్యండి, నీరు రెండు వైపుల నుంచీ వచ్చి చివరి మొక్క వెనకబడదు. అప్పుడు చుట్టులో బాగా పల్లంగా ఉన్న చోట ఒక టీ, దానికో చిన్న వాల్వు పెట్టుకుంటే కడగడానికి పనికొస్తుంది.

సన్న గొట్టం నల్లది కాకుండా పారదర్శకంగా ఉంటే పక్కన పడేసి నల్లది కొనండి. వెలుతురు తగిలిన నీళ్ళలో పదిహేను రోజులకే పాచి పడుతుంది, ఆ పాచి తునకలు తునకలుగా వచ్చి డ్రిప్పర్లో కూర్చుంటుంది. ట్యాంకు మూత సరిగ్గా పడకపోయినా ఇదే జబ్బు.

ఇక అందరూ ఫిర్యాదు చేసే 'నెల రోజులకే మూసుకుపోయింది' అన్న సంగతి. కారణాలు మూడు, మందు ఒక్కటి కాదు. డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా సున్నంలా గట్టిపడితే అది గట్టి నీళ్ళ బోరు పని. విప్పగలిగిన డ్రిప్పర్లని విప్పి, లీటరు నీళ్ళకి 20 గ్రాముల నిమ్మఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి పొద్దున్న కడిగితే పోతుంది. విప్పి చూస్తే లోపల జారుడుగా, పచ్చగా ఉంటే అది పాచి. ట్యాంకు కడగాలి, గొట్టం చివర తెరిచి రెండు నిమిషాలు పూర్తి ధారతో వదలాలి. ఎర్ర మట్టి కనిపిస్తే తప్పు నీటిది కాదు, డ్రిప్పర్ నేలలో కూరుకుపోయి ఉంది. వాల్వు కట్టగానే గొట్టంలో నీరు పల్లానికి జారి, పై మొక్కల దగ్గర డ్రిప్పర్ గాలిని వెనక్కి పీలుస్తుంది, గాలితో పాటు బురదని కూడా. డ్రిప్పర్ని పుల్ల మీద రెండు అంగుళాల ఎత్తున నిలబెడితే ఈ బాధ ఉండదు, చీమలు దూరడం కూడా తగ్గుతుంది. ఫిల్టరు జల్లెడని వారానికొకసారి పాత టూత్‌బ్రష్‌తో తోమాలి.

జీవామృతం ఈ గొట్టాల్లోంచి పంపాలని చూడకండి. ఎంత పల్చటి గుడ్డలో వడకట్టినా పేడ పీచు, బెల్లం జిగురు మిగిలే ఉంటాయి, రెండు రోజుల్లో అన్ని డ్రిప్పర్లూ ఒకేసారి మూసుకుంటాయి. అది మగ్గుతో మొదట్లో పొయ్యాల్సిందే.

నీరు వదిలే వేళ తెల్లవారుజాము. అయిదున్నర ఆరు మధ్య అయిపోవాలి. సాయంత్రమైతే పొద్దు బాగా వాలాక. మధ్యాహ్నం రెండింటికి మొక్క తల వాల్చిందని వాల్వు తిప్పడం ప్రేమతోనే చేస్తాం గానీ హాని చేస్తుంది. నల్లగొట్టంలో నిలవున్న నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, మొదటి లీటరు ఆ వేడితోనే వేళ్ళ మీద పడుతుంది. మధ్యాహ్నం వాడి, సాయంత్రం ఆరింటికి తేరుకునే మొక్కకి నీటి కొరత లేనట్టే. తెల్లారేసరికి కూడా వాడి ఉంటేనే నీరు చాలడం లేదని అర్థం.

టైమరు పెట్టుకోవాలనుకునే వాళ్ళు ఒక్క మాట గమనించాలి. కుళాయికి తగిలించే బ్యాటరీ టైమర్లలో రెండు రకాలున్నాయి. సొలినాయిడ్ (కరెంటు అయస్కాంతంతో పనిచేసే) వాల్వు రకానికి లోపలి పొర కదలాలంటే నీటి ప్రెషరు కావాలి. ట్యాంకు నీటికి అది ఒక్కోసారి తెరుచుకోదు, ఇంకోసారి మూసుకోదు. పెట్టె మీద 'జీరో ప్రెషర్' అనో 'బాల్ వాల్వు' అనో ఉన్నదే కొనాలి. వారం పది రోజులు ఊరు వెళ్ళేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి ఇది అంత అవసరం కాదు, ఫోన్లో అలారం చాలు. సాయంత్రం గాలివాన పడ్డ మర్నాడు టైమరుకి ఆ సంగతి తెలియదు కూడా.

డ్రిప్ వల్ల వచ్చే ఒక నష్టాన్ని అమ్మేవాళ్ళు చెప్పరు. ఆకులు తడవవు. ఎండాకాలం దుమ్ము ఆకుల మీదే ఉండిపోతుంది, ఆ పొడి దుమ్ములో ఎర్రనల్లి చెలరేగుతుంది. వంగ, బెండ ఆకుల మీద పిండి చల్లినట్టు సన్న తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అదే. మూడు నాలుగు రోజులకొకసారి పొద్దున్నే పైపు మూతికి వేలు అడ్డం పెట్టి ఆకుల అడుగు భాగాన్ని జోరుగా కడిగేస్తే సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం కొట్టాలి. గంధకం పొడి మాత్రం ఈ ఎండలకి వద్దు, ఆకులు మాడిపోతాయి.

ఎంత చక్కగా నీరందించినా కొన్ని జరగవు. పగటి ఎండతో పాటు రాత్రి ఉక్క కూడా తగ్గకపోతే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. నీరు పెంచితే వేరు కుళ్ళడం తప్ప పూత ఆగదు. మే నెలలో టమాటా మీద ఆశ పెట్టుకోకుండా బెండ, గోంగూర, బచ్చలి, ఆనప మీద మనసు పెట్టండి.

కుండీలకీ గ్రో బ్యాగులకీ ఈ కిట్టు పనికొస్తుంది గానీ లెక్క వేరు. పన్నెండు అంగుళాల బ్యాగు లీటరున్నర నీటిని ఒక్కసారి పట్టదు, కింద నుంచి కారిపోతుంది. రెండు పూటలా వదలాలి. ఉద్దానం వైపు కొబ్బరి పొట్టు మనకి దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు గత్తం, ఒక పాలు పొట్టు కలుపుకోవచ్చు. పొట్టు పచ్చిదైతే అందులో ఉప్పు ఉంటుంది, మూడు నీళ్ళు మార్చి పిండి వాడాలి. డ్రిప్‌తో పెరిగే బ్యాగుల్లో బోరు నీటి ఉప్పు పైన తెల్లగా పేరుకుంటుంది. పదిహేను రోజులకొకసారి అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోసి కడిగెయ్యాలి. మేడ మీద తోటకైతే ఇంకో ఇబ్బంది. ట్యాంకూ కుండీలూ ఒకే మట్టంలో ఉంటాయి, ఉన్న ఎత్తు మీటరు కూడా రాదు. అక్కడ చిన్న మోటారు లేకుండా ఈ కిట్టు కొనడం డబ్బు దండగ.

పైన ఆచ్ఛాదన లేని డ్రిప్ సగం పనే చేస్తుంది. ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ కొబ్బరి పీచు గానీ మూడు అంగుళాల మందాన పాదంతా కప్పండి, కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలండి. ఆనించి కప్పితే మొదలు కుళ్ళుతుంది. ఎర్ర నేలల్లో గడ్డికి చెదలు పడుతుంది, అక్కడ కొబ్బరి పీచు మేలు.

ఉడుతలూ పందికొక్కులూ సన్న గొట్టాన్ని కొరకడం వేసవిలోనే ఎక్కువ, దాహం వేసి. పెరటి మూల ఒక మట్టి మూకుడులో రోజూ నీళ్ళు పెడితే కొరుకుడు తగ్గుతుంది, పిచ్చుకలూ పిగిలిపిట్టలూ కూడా వస్తాయి. తెగిన చోట ముక్క కోసి కనెక్టరుతో అతికితే సరిపోతుంది. డమ్మీలు, కనెక్టర్లు చెరో డజను అదనంగా ఇంట్లో ఉంచుకోండి.

ఖర్చు పెట్టకుండా ఇదే పని మట్టికుండ చెయ్యదా అంటే, రెండు మూడు పాదులకైతే భేషుగ్గా చేస్తుంది. అయిదారు లీటర్లు పట్టే, రంగు వెయ్యని కొత్త కుండని మెడ దాకా పాతిపెట్టి నీళ్ళు నింపి మూకుడు బోర్లిస్తే చుట్టూ అడుగు మేర నేల చెమ్మగా ఉంటుంది. దాని పక్కన పెట్టిన బీరపాదు, దోసపాదు ఇంకే నీరూ అడగవు. గట్టి నీళ్ళకి కుండ రంధ్రాలు కూడా ఏడాది రెండేళ్ళకి పూడతాయి, మార్చుకోవాలి. పది మొక్కలు దాటితే కుండలు నింపడమే ఒక పని అవుతుంది, అక్కడ కిట్టుదే పైచేయి. ఆసుపత్రిలో వాడేసిన సెలైన్ సీసాలు మొక్కలకి కట్టడం మాత్రం మానండి, కూరగాయలు పండించే చోట అవి ఉండాల్సినవి కావు.

నీటి పని తప్పిన సాయంత్రాలు ఏం చెయ్యొచ్చో కూడా చెప్పాలి, ఎందుకంటే కిట్టు ఇచ్చే అసలు లాభం ఇదే. ఆనప పువ్వు, బీర పువ్వు పొద్దు వాలాకే విచ్చుకుంటాయి. ఎండలకి తేనెటీగలు తగ్గిపోతే పిందె పచ్చగా పుట్టి పసుపెక్కి రాలిపోతుంది, అందరూ దాన్ని నీటి ఎద్దడి అనుకుంటారు. సాయంత్రం ఆరు ఆరున్నరకి అప్పుడే విచ్చిన మగపువ్వుని తుంచి, రేకలు వెనక్కి మడిచి, చిన్న పిందెతో ఉన్న ఆడపువ్వు లోపల మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. మూడో రోజుకి పిందె మెడ వంచి కిందికి వేలాడితే కాయ నిలిచినట్టు. బెండకాయ పువ్వు రాలిన అయిదో రోజుకి కొయ్యాలి, కొస వంచితే టక్కున విరగాలి. ఒక్క రోజు ఆలస్యమైతే పీచు. మల్లెమొగ్గలు విచ్చకముందే, తెల్లగా నిండుగా ఉబ్బినవి చూసి సాయంత్రం కొయ్యాలి. రాత్రి ఇంట్లో విచ్చుకుంటే గదంతా వాసన. తడి తగిలిన మట్టి మీద చెప్పులు విప్పి నడుస్తూ, ఒక్కో ఆకూ తిప్పి చూస్తూ, పసుపు ఆకు గిల్లేస్తూ పోతే చీకటి పడేదాకా టైము తెలియదు. ఆ చూపు వల్లే నల్లి రెండు ఆకుల మీద ఉన్నప్పుడే దొరుకుతుంది, మొక్కంతా పాకాక కాదు.

డబ్బు మాటకొస్తే కిట్టు వెయ్యి రూపాయల లోపు, ఫిల్టరూ వాల్వూ విడి డ్రిప్పర్లూ కలిపితే ఇంచుమించు మళ్ళీ అంత. పదిహేను మీటర్ల లోపు పెరడున్నవాళ్ళు కిట్టు కొని దానికి ఇవి చేర్చుకోవచ్చు. అంతకంటే పెద్ద పెరడైతే కిట్టు జోలికి పోకుండా గొట్టం, డ్రిప్పర్లు మొదట్నుంచీ చిల్లరగానే కొనండి, మన్నికా ఎక్కువ, ఒక ముక్క పోతే అదే కొలత మళ్ళీ దొరుకుతుంది.

మృగశిర దాటి వానలు నిలదొక్కుకున్నాక దీన్ని పెరట్లోనే వదిలేస్తే కలుపు తీసేటప్పుడు బొరిగె తగిలి తెగుతుంది. చివర తెరిచి గొట్టం కడిగి, డ్రిప్పర్లన్నీ ఊడదీసి నిమ్మఉప్పు నీళ్ళలో ఒక రాత్రి ఉంచి ఆరబెట్టండి. గొట్టాన్ని రెండడుగుల వెడల్పు చుట్టగా చుట్టి, కొసలు రెండూ గుడ్డతో కట్టి నీడలో వేలాడదియ్యండి. కట్టకపోతే వానాకాలంలో కందిరీగలు లోపల మట్టిగూళ్ళు కడతాయి, వచ్చే ఫిబ్రవరిలో బిగించబోతే చుక్క నీరు దిగదు.